పైన మీటరు దగ్గర

"కాస్త మా ఇంటికి వస్తారా?" పక్కింటి గుమ్మంలో నిలబడి అడిగాడు డెస్మండ్. "ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్‌లో నీళ్ళ ప్రెషర్ పడిపోయింది. ఇల్లంతా మంచుగడ్డలా ఉంది."

"బాయిలర్ల సంగతి నాకేం తెలుసు?" అంటూనే బ్రెండా కోటు తగిలించుకుంది.

"తెలియక్కర్లేదు. నీళ్ళ ట్యాపు వంటింట్లో ఉంది, ప్రెషర్ చూపించే మీటరేమో మేడమీద అలమరలో. ఒక్కణ్ణే మెట్లెక్కి చూసేలోపు ముల్లు దాటిపోతోంది. నేను తిప్పుతుంటే మీరు పైనుంచి చెప్పాలి. ఒకటిన్నర దగ్గర ఆపమనండి చాలు."

"ఇన్నాళ్ళూ ఎవరు చెప్పేవాళ్ళు?"

"ఐరిస్."

బ్రెండా అతని వెంట నడిచింది. అతని భార్య ఐరిస్ అంత్యక్రియల తర్వాత ఆమె ఆ ఇంట్లో అడుగుపెట్టడం ఇదే మొదలు.

డెస్మండ్ సింకు కింద మోకాళ్ళ మీద కూర్చుని ట్యాపు తిప్పాడు. గొట్టంలో నీళ్ళు బుసకొట్టాయి.

"అర," పైనుంచి కేకేసింది బ్రెండా. "ఒకటి. మెల్లగానయ్యా, పరిగెడుతోంది. ఒకటిన్నర. ఇక ఆపండి."

అతను ట్యాపు కట్టేశాడు. బాయిలర్ గుర్రుమంటూ అందుకుంది. చలికాలమంతా ఈ ఇంట్లో తనతో తానే మాట్లాడుకున్నాడు. మెట్ల మీదుగా ఇంకో గొంతు దిగివచ్చి ఎన్నాళ్ళయిందో.

"విన్నారా? ముల్లు ఆగింది."

అతను మోకాళ్ళ మీదే ఉండిపోయాడు.

"సరిగా వినపడలేదు," అన్నాడు చివరికి. "ఇంకోసారి చెప్తారా?"

ఒకటిన్నర మీద కదలకుండా నిలబడ్డ ముల్లును చూస్తూ బ్రెండా, ఈసారి ఏమాత్రం తొందరపడకుండా, "అర" దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.