ఉయ్యాల దగ్గర మనిషి

“అక్కా, మీ పాప ఉయ్యాల దగ్గర ఎవడో నిలబడ్డాడు!”

ఉన్ని ఏరుతున్న తల్లి చేతిలోది అలాగే వదిలేసి బయటికి పరుగెత్తింది.

ఆ షెడ్‌లో గొర్రెల ఉన్నిని బల్లల మీద పరిచి ముళ్ళూ మట్టీ ఏరతారు. లోపలంతా నూగు ఎగురుతుంది. పసివాళ్ళ ముక్కుల్లోకి పోతుందని ఉయ్యాలలు బయట చూరు కింద కడతారు.

చూరు కింద ఒక నడివయసు మనిషి. పాత తువ్వాలు పట్టుకుని పాప మీద మెల్లగా విసురుతున్నాడు.

“ఎవరు నువ్వు?”

అతను ఆమెను చూసి నవ్వాడు.

“నిన్నే! మా పాప దగ్గర నీకేం పని?”

అతను పాప చెవి దగ్గరికి వేలు తీసుకెళ్ళాడు. జలుబు చేసినప్పటినుంచి ఆ చెవి కారుతోంది. తమ్మెకు చిన్న బంగారు పోగు ఉంది.

తల్లి ఆ చేతిని విసిరికొట్టింది.

ఆమెను పిలిచిన పొడుగావిడ వెనకే వచ్చింది.

“చూశావా, కన్నంతా పోగు మీదే! వారం రోజుల్నుంచీ వస్తున్నాడక్కా. ఎండెక్కగానే వస్తాడు, నీడ తిరగ్గానే పోతాడు. ఎవరి చుట్టమో అనుకున్నా.”

“టైం ప్రకారం వచ్చే దొంగా! మన షెడ్‌లో వాడొక్కడికే ఉంది ఆ క్రమశిక్షణ,” అంటూ మేస్త్రీ వచ్చాడు. “ఏం బాబూ, నోట్లో బెల్లముందా? మాట్లాడవే?”

అతను వేళ్ళు గాలిలో ఆడించాడు. ఉయ్యాల చుట్టూ తిప్పాడు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

చివరికి రెండు చేతులతో తన చెవులు రెండూ పట్టుకున్నాడు.

“అదిగో, చెవులు పట్టుకున్నాడు!” అంది పొడుగావిడ. “తప్పు ఒప్పేసుకున్నట్టే.”

మేస్త్రీ చెయ్యెత్తాడు.

“కొట్టకండి బాబాయ్,” అంది తల్లి. “ఒప్పుకున్నాడుగా. పోనివ్వండి.”

మేస్త్రీ అతని చేతిలోని తువ్వాలు లాగి గేటు అవతలికి విసిరాడు. అతను వెళ్ళి దాన్ని తీసుకుని దుమ్ము దులుపుకున్నాడు.

తల్లి పాప చెవి పోగు తీసి రుమాలు చివర ముడేసుకుంది.

“ఇంక భయం లేదు,” అనుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు ఎండెక్కగానే అతను మళ్ళీ వచ్చాడు. గేటుకు తాళం ఉంది. ఊచలు పట్టుకుని చాలాసేపు ఉయ్యాలవైపే చూసి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం పాప గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టింది.

“పళ్ళొస్తున్నాయేమో,” అంది అత్తగారు.

తెల్లవారేసరికి చెవిలోంచి నెత్తురు వచ్చింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న పట్టకారుతో పురుగుల్ని ఒక్కొక్కటే తీసి గాజు గిన్నెలో వేసింది. అవి ఇంకా కదులుతున్నాయి.

“నిన్న పొద్దున శుభ్రంగా తుడిచానండీ,” అంది తల్లి. “ఒక్క గుడ్డు కూడా లేదు.”

“ఇది గుడ్లు పెట్టే ఈగ కాదమ్మా. బతికున్న పురుగుల్నే వదిలేసి పోతుంది. వాలిన క్షణం చాలు. గొర్రె పుండయినా, మనిషి చెవయినా దానికొకటే. మిట్టమధ్యాహ్నం ఎండలోనే తిరుగుతుంది.”

“పాపకి...”

“ప్రాణానికేం భయం లేదు.” డాక్టరమ్మ పట్టకారు పక్కన పెట్టింది. “ఆ చెవి మాత్రం ఇక వినబడదు.”

తల్లి పాప కాళ్ళను గట్టిగా పట్టుకుంది.

“చాలా రోజుల్నుంచి కారుతోందంటున్నావు. పడుకోబెట్టేదేమో గొర్రెల ఉన్ని షెడ్ బయట. మరి ఇన్నాళ్ళూ ఈగ వాలకుండా ఎవరు కాచారు?”

తల్లికి గేటు అవతల పడ్డ తువ్వాలు గుర్తొచ్చింది.

పాప కోలుకున్నాక ఆమె అతని కోసం వెతికింది. టీకొట్టు ఆయన వీధి చివర, అతనూ వాళ్ళమ్మా ఉండే ఇల్లు చూపించాడు.

గుమ్మంలో ఒక ముసలామె కూర్చుని ఉంది. లోపల అతను ఇటు వీపు పెట్టి తువ్వాలు ఉతుకుతున్నాడు.

“అన్నా,” అని పిలిచింది.

అతను తిరగలేదు.

“తప్పయిపోయిందన్నా. నీ మంచితనం తెలుసుకోలేకపోయాను.”

అతను తువ్వాలు పిండుతూనే ఉన్నాడు.

ఆమెకు కన్నీళ్ళాగలేదు.

“నా మొహం చూడ్డానికి కూడా మనసొప్పడం లేదు పెద్దమ్మా మీ అబ్బాయికి. ఒప్పదులే. నేను చేసిన పని అలాంటిది.”

ముసలామె ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

“వాడికి కోపమేమిటి తల్లీ,” అంది. “నేను మీ షెడ్‌లోనే ఉన్ని ఏరుతుండగా, బయట ఉయ్యాలలో వాడి రెండు చెవుల్నీ ఆ ఈగ పురుగులే తినేశాయి.”