బుట్టలు ఎత్తేసే రోజు

వానలు మొదలైతే నిజామాబాద్ పార్కులో ఆ ఆట ఎత్తేస్తారు. పళ్లెమంత ప్లాస్టిక్ డిస్కును విసిరి, గొలుసులు వేలాడే ఇనుప బుట్టలో పడెయ్యడమే ఆట. పక్షవాతంతో పడిపోయిన మా ఆయన కుడిచేతికి అది మంచి కసరత్తని డాక్టరు చెప్పాడు. ఎండాకాలమంతా విసిరాడు. డిస్కు ఆయన కాళ్ల దగ్గరే పడేది.

"దానికి గూడ మీ లెక్కనే బద్దకం," అనేదాన్ని.

"జర ఆగవే. ఈ చెయ్యి లేస్తది. నా బువ్వ నేనే తింట," అనేవాడు.

ఎడమచేత్తో అన్నం ముట్టుకుంటే పోయిన వాళ్ల తాత దిగొచ్చి తిడతాడన్నట్టు ఆయన పట్టుదల. అందుకని పూటపూటా నేనే తినిపించేదాన్ని.

ఈ ఉదయం చినుకులు పడుతుంటే పార్కు మాలీ తుకారాం బుట్టలు పీకేస్తున్నాడు. ఒక్కటే మిగిలింది.

"జల్ది ఎయ్యి సారూ, ఇది గూడ పీకాలె," అన్నాడు.

మా ఆయన విసిరాడు. డిస్కు కాళ్ల దగ్గరే పడింది. వంగి తీసుకుని, కాసేపు దాన్నే చూసి, మళ్లీ విసిరాడు. గొలుసులు గల్లుమన్నాయి.

"శెభాష్ సారూ! పడ్డది!" అని తుకారాం చప్పట్లు కొట్టాడు.

నేనూ కొట్టబోయి ఆగాను. ఆయన కుడిచెయ్యి పక్కన వేలాడుతూనే ఉంది.

"ఎడమచేత్తో ఏస్తిరా?"

"ఆఁ."

తుకారాం ఆ బుట్టనూ పీకి భుజాన వేసుకున్నాడు.

"ఇంటికి పోదాం పా," అన్నాడు మా ఆయన. "ఇగ నాకు తినిపియ్యకు. కంచం ఈ చేతి దిక్కు పెట్టు."