పారే నీళ్ళు

గాజు పలక మీద మూడు రోజుల కోడిపిండం. గోరంత కూడా లేదు. తల నుంచి తోక దాకా ఒకటే గోధుమ రంగు.

ఇలా చెడిపోవడం ఇది పదిహేడోసారి.

నాకు ఏడుపొచ్చింది. రేపు మా గైడు ఉమామహేశ్వరి మేడమ్‌కి సరైన రంగు చూపించలేకపోతే నా పీహెచ్‌డీ టాపిక్ మార్చేస్తారు. రెండేళ్ళ చాకిరీ బందరు కాలవలో కలిసినట్టే.

"ఏదీ, నన్ను చూడనీ," అన్నాడు నాన్న.

మా నాన్న నాంచారయ్య పెడనలో కలంకారీ అచ్చులు వేస్తాడు. ఆదివారం కాలేజీ ల్యాబులో ఒక్కదాన్నే ఉంటానని బండి మీద దింపి, తనూ ఉండిపోయాడు.

"అసలు రంగు ఎక్కడ పట్టాలి?"

చెప్పాను. నరాలు కబురు పంపుకోవడానికి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వాడతాయి. నరాలు ఇంకా చేరకముందే, రెక్క మొలిచే చోట దాని జాడ ఉండాలి. అక్కడే రంగు పట్టాలి.

"ఒక్కచోట పట్టాల్సింది ఒళ్ళంతా పట్టింది. మందులో వేసే ముందు ఉతికావా?"

"గిన్నెలో, మూడుసార్లు."

"నిలవ నీళ్ళలోనా?" నవ్వాడు. "పటిక అచ్చేశాక ఎక్కువైంది పోవాలంటే పారే నీళ్ళలో జాడించాలి. ఆ తర్వాతే రంగులో ఉడకబెట్టాలి. లేకపోతే గుడ్డంతా అలుక్కుపోద్ది. చిన్నప్పుడు నాతో కాలవలో దిగేదానివి కదే, మర్చిపోయావా?"

ఒళ్ళు మండింది. నాది ఎమ్మెస్సీ గోల్డ్ మెడల్, ఆయనది ఐదో తరగతి.

మండితే మండింది. గుడ్డులోంచి కొత్త పిండాన్ని తీసి, దాని మీదికి సెలైన్ సీసా గొట్టం వేలాడదీశాను.

గొట్టం మీది చక్రం తిప్పి చుక్కలు సరిచేసింది నాన్నే. వాచీ చూడకుండానే నిమిషానికి ఇరవై. ఆసుపత్రిలో అమ్మ మంచం పక్కన నేర్చుకున్నాడు.

అమ్మ పోయి పద్నాలుగు నెలలు.

రెండు గంటలు జాడించి, రంగు మందులో ముంచి, మైక్రోస్కోపులో కన్ను పెట్టాను.

పిండం తెల్లగా ఉంది. రెండు పక్కలా మాత్రం రెండు గోధుమ చుక్కలు.

"నాన్నా, పట్టింది."

ఎగిరి గంతేస్తే బల్ల కదులుతుందని ఊరుకున్నాను గానీ, ఆయన భుజం మాత్రం గట్టిగా కొట్టాను.

నాన్న వంగి చూశాడు. "ఇక్కడేం వస్తుంది?"

"రెక్కలు."

"ఇంకా రాలేదుగా."

"అదే నాన్నా సంగతి."

ఆ ఊపులో, ఆసుపత్రి వాళ్ళు రోగి పేరు లేకుండా ఇచ్చిన ఊపిరితిత్తి క్యాన్సర్ గడ్డ ముక్కనీ అలాగే జాడించాను. దానికీ పట్టింది.

నాన్న మళ్ళీ మైక్రోస్కోపులో కన్ను పెట్టాడు.

"అదే రంగు."

"అవును. పుట్టకముందు ఒంటిని పెంచిన రసాయనమే ఇక్కడ గడ్డనీ పెంచుతోందేమో అని మా అనుమానం."

"మీ అమ్మకొచ్చింది ఇలాంటిదేనా?"

"ఇలాంటిదే."

కన్ను తీయకుండానే అన్నాడు. "అచ్చు తప్పుపడితే పచ్చి మీదే కడిగేస్తాం, పోద్ది. ఉడికాక ఇంక పోదు. మీ అమ్మది మనం చూసేసరికే ఉడికిపోయింది."

నేను మైక్రోస్కోపు వెలుగు కొంచెం పెంచాను.

"పచ్చిగా ఉన్నప్పుడే చూసే దారి దొరుకుద్దంటావా?"

"తెలీదు నాన్నా. దాని కోసమే ఇదంతా."

ఆయన లేచి, రంగు దిగని వేళ్ళతో సీసాలో ఇంకా ఎంతుందో ఎత్తి చూశాడు.

"ఇంకో గుడ్డు తియ్యి," అన్నాడు. "నీళ్ళు నేను చూసుకుంటా."