లాప్‌టాప్ తప్పేం లేదు

మార్కాపురంలో మా రిపేరు షాపుకు అన్ని రకాల తెలివితక్కువోళ్లూ వస్తారు. ఈ ఫెబీ మెడలో నర్సు ట్రైనింగ్ కార్డు, బుర్రలో గుజ్జు సున్నా.

"ఈ లాప్‌టాప్ సౌండ్‌లో చిటపట వస్తాందన్నా."

పాట పెట్టినాను. శుభ్రంగా మోగింది. "చెవులు చూపించుకోపో."

"పాటలో కాదన్నా, నేను రికార్డు చేసినదాంట్లో."

అది పెడితే నిజంగానే చిటపట. హెడ్‌ఫోన్స్‌లో విన్నా అదే. ఆమె తెచ్చిన మైకుతోనే నా గొంతు రికార్డు చేసి వినిపించినాను. ఒక్క చిటుకు లేదు.

"స్పీకరు బాగుంది, మైకు బాగుంది. నువ్వు దేన్ని రికార్డు చేసినావో ఆ చప్పుడు దాంట్లోదే. ఇంత చదివి ఇది కూడా తెలీదా?"

"ఆ మాటే రాసియ్యన్నా. నేను చెప్తే ఒకాయన నమ్మడు."

ఈమె లాంటి తెలివితక్కువోడు ఇంకొకడు కూడానా! నవ్వుకుంటా బిల్లు వెనక రాసి, సంతకం పెట్టి, షాపు ముద్ర గట్టిగా కొట్టినాను.

ఫెబీ కాయితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"మీ పలకల ఫ్యాక్టరీలో దుమ్ములో రాయి కోసేటోళ్ల ఊపిరన్నా అది. ఎవరికీ జబ్బు లేదు, లాప్‌టాప్‌దే తప్పని నిన్న నన్ను ఎల్లగొట్టింది మీ నాయనే."