పేరు లేని విన్నపం

గోడకి ఎత్తుగా కొట్టిన విన్నపాల పెట్టెలోంచి తీసిన ఏడో చీటీ చదువుతూ నెహెమ్యా అయ్యగారు మధ్యలో ఆగిపోయారు.

ఆపితే ఇంకా బాగుండదని కాబోలు, మళ్ళీ అందుకున్నారు.

“నిస్సీ కోసం ప్రార్థన చెయ్యడం మానెయ్యమని విన్నపం. నిస్సీకి జబ్బు లేదు. దయ్యమూ లేదు. ఆటిజం ఉంది. అది పోదు. అది పోవాలని వారం వారం అందరూ ఏడుస్తుంటే, నిస్సీయే పోవాలని ఏడుస్తున్నట్టు ఉంటుంది.”

భీమడోలులోని ఆ చిన్న ప్రార్థన మందిరంలో తలలన్నీ నిస్సీ తల్లి వైపు తిరిగాయి.

చీటీ మీద పేరు రాయకపోవడం, చదివిన చీటీని అక్కడికక్కడే చించెయ్యడం ఆ సంఘంలో మొదటినుంచీ ఉన్న పద్ధతి. అయ్యగారు దాన్నీ చించేశారు.

నిస్సీకి పదకొండేళ్ళు. తల్లి మెర్సీ బళ్ళో టీచరు. ప్రతి ఆదివారం మెర్సీ లేచి నిలబడి, కూతుర్ని చేత్తో చూపించి, ఆ వారం పిల్ల కంచం విసిరిందీ, పక్క తడిపిందీ ఏదీ వదలకుండా చెప్పి, ప్రార్థించమని ఏడ్చేది.

మన సంగతులు మన ముందే ఎవరైనా అలా ఊరందరికీ చెబితే ఊరుకుంటామా? నిస్సీ ఊరుకుంది. అందుకని దానికేమీ తెలియదన్నారు. చూచిరాత తప్ప ఒక్క ముక్క సొంతంగా రాయలేదని తల్లే అందరికీ చెప్పేది.

కూడిక ముగిసీ ముగియకముందే మెర్సీ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. రాసినవాళ్ళెవరో తేలేదాకా ఎవరినీ కదలనివ్వనంది.

అచ్చాయమ్మ పెట్టెలో చీటీ వెయ్యడం తన కళ్ళతో చూశానని సుబ్బాయమ్మ చెప్పింది. ఇలాంటివి చూడటానికి సుబ్బాయమ్మకి కళ్ళు బాగానే కనపడతాయి.

అచ్చాయమ్మ సంగతి ఎవరికీ సరిగ్గా తెలియదు. కొల్లేటి లంకల్లోంచి వచ్చి రెండు నెలలైంది. రొయ్యల షెడ్డులో రొయ్యలు ఒలిచే పని. నీచు వాసన అని అందరూ ఎడంగా జరిగితే, వెనక చాప మీద ఒక్కతే కూర్చునేది. నిస్సీ మాత్రం ఏరికోరి ఆ చాప మీదికే వెళ్ళేది. అచ్చాయమ్మ బుగ్గలు పుణకదు, నీ పేరేంటని పదిసార్లు అడగదు. ఊరికే పక్కన కూర్చుంటుంది, అంతే.

“నువ్వేనా వేసింది?” అంది మెర్సీ. పెద్దవాళ్ళని మీరు అనాలని పిల్లలకి రోజూ నేర్పే టీచరు ఆవిడ.

“నేనే వేశానండి.”

“కూతురు పోవాలని నేను ఏడుస్తున్నానా? కడుపున మోసినదాన్ని. రొయ్యలు ఒలుచుకునేదానివి, నా బాధ నీకేం తెలుసు?”

అచ్చాయమ్మ నొచ్చుకోలేదు. “మెల్లగా అనండమ్మా, పాప వింటంది” అంది.

“అది వినేదైతే నాకీ ఏడుపెందుకు?”

అప్పుడు నిస్సీ కేక పెట్టింది. చెవులు మూసుకుని, ఇద్దరి మధ్యకీ వచ్చి, కాళ్ళు నేలకేసి కొడుతూ “కాదు, కాదు” అని అరిచింది.

ఏది కాదో ఒక్కరూ అడగలేదు. సంఘపెద్దలు నలుగురు పరిగెత్తుకొచ్చి, ఆ పిల్ల నెత్తిన చేతులు వేసి గట్టిగా ప్రార్థన అందుకున్నారు. మానెయ్యమన్న పనే, మానెయ్యమన్న రోజే.

అచ్చాయమ్మ చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. తర్వాతి ఆదివారానికి రాలేదు. వెనక చాప మీద నిస్సీ ఒక్కతే కూర్చుంది.

ఆ వారమంతా ఇంట్లో అన్నం ముట్టమంటే కంచం తోసేసింది. తండ్రి ఆనంద్ పాల్ బతిమాలితే గోడవైపు తిరిగి పడుకుంది. మొండితనం ముదిరిందని మెర్సీ నిర్ధారించింది.

శనివారం సాయంత్రం అయ్యగారు ఇంటికొచ్చారు. అచ్చాయమ్మ షెడ్డు పని మానేసి లంకకి వెళ్ళిపోయిందని, అక్కడి సంఘంలో చేరడానికి ఉత్తరం రాయించుకుందని చెప్పారు. ఆ ఉత్తరం నకలు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టారు.

సంతకం ఉండాల్సిన చోట వేలిముద్ర ఉంది.

“ఆవిడకి ఓనమాలు కూడా రావమ్మా. ఆ రోజే అడగాల్సింది, నాకు బుద్ధి లేకపోయింది” అన్నారు అయ్యగారు. “రాసిందెవరో చెప్పమంటే, అది తను చెప్పేది కాదంది.”

మెర్సీ నిన్నటిదాకా ఉన్న కోపాన్ని కొత్తగా ఎవరి మీద పెట్టాలో తెలియక కాసేపు తబ్బిబ్బయింది. తర్వాత, ఆ చదువురానిదాన్ని అడ్డం పెట్టుకుని తన పరువు తీసిందెవరంటూ ఒక్కొక్క పేరే ఎత్తింది. సుబ్బాయమ్మని కూడా వదల్లేదు.

నిస్సీ గదిలోంచి వచ్చి తల్లి ఎదురుగా నిలబడింది. తల్లి మొహంలోకి చూడలేదు. వేలిముద్రనే చూస్తూ కోపంగా బల్ల చరిచింది.

“నేనే రాశాను” అంది. “పెట్టె నాకు అందక ఆవిడ్ని వెయ్యమన్నాను.”