గొడుగు లేని నవల

తెనాలిలో డిగ్రీ చదివే బిందు నాలుగు మార్కుల తేడాతో తెలుగులో ఫెయిలైంది. పాఠ్య నవల మీద "నల్ల గొడుగు దేనికి ప్రతీక?" అని అడిగితే, "ఈ నవలలో గొడుగు లేదు" అని రాసింది. నవల చదివిన పిల్లలకు వచ్చే చిక్కే అది.

"రెండుసార్లు చదివానండి, ఎక్కడా లేదు" అంటే లెక్చరరు జాలిపడ్డారు. "నిన్ను నవలెవరు చదవమన్నారమ్మా? గైడులో ఉందిగా, ఒంటరితనానికి ప్రతీక అని!"

ఆదివారం బిందు రైలెక్కి, రేపల్లెలో ఆ నవల రాసిన ప్రకాశరావు గారింటికి వెళ్లింది.

"గొడుగు లేదని ఒక్క ముక్క రాసివ్వండి తాతగారూ, పాసైపోతాను."

ఆయన బిందు తెచ్చిన గైడు చూశారు. తర్వాత నవల మొదటి నుంచి చివరిదాకా తిరగేశారు.

"నిజమేనమ్మా, లేదు. ముప్పై ఏళ్ల కిందటి నవల. మళ్లీ చదివే ఓపిక లేక, గైడు గుర్తున్నంత మేరకు రాసేశాను."

"గైడు కూడా మీరేనా?"

"పేరు వెయ్యలేదులే. నువ్వు దిగులుపడకు. నవల కొత్త ముద్రణ వస్తోంది. నీ సప్లిమెంటరీ లోపు గొడుగు పెట్టేస్తాను. ఏ పేజీలో ఉంటే బాగుంటుందో చెప్పు."