పొద్దుటి వాసన

చీమలపుట్టలో గుడ్ల గదిలోకి వాననీళ్లు ఊరుతున్నాయి. గుడ్లను పైకి చేర్చాలని చురకమ్మ పరుగున వస్తే, గది వాకిట్లో కాపలా ఉన్న గండుచీమ మీసాలు అడ్డం పెట్టాడు.

"నీ దగ్గర మేత మోసేవాళ్ల వాసనొస్తోందమ్మాయ్. ఇక్కడికి దాదులే రావాలి."

"ఇందాకే రాణిగారు నన్ను దాదిని చేశారు బాబాయ్."

"చేస్తే చేశారు. నా ముక్కుకి తెలియాలిగా."

చురకమ్మకు కాలు నిలవలేదు. పుట్ట ముఖద్వారం దాటేటప్పుడే, రాణి ఆజ్ఞ ప్రకారం ఎవరి పనికి తగ్గ వాసన వాళ్లకు పూస్తారు. తను దాటింది పొద్దున. రాణి మాట ఆ తర్వాతది. లోపల ఎంత వాదించినా ఒంటిమీది వాసన మారదు. వాదన అక్కడే వదిలేసి వానలోకి ఉరికింది, మళ్లీ ముఖద్వారం గుండా వచ్చి కొత్త వాసన పూయించుకుంది.

ఈసారి గండుచీమ పక్కకు తప్పుకున్నాడు. అప్పటికే కింది వరస గుడ్లు మునిగిపోయాయి.

"ఇప్పుడు దాదివయ్యావు. ముందే ఇలా రావచ్చుగా?"

చురకమ్మ మునిగి చచ్చిన ఒక గుడ్డు తెచ్చి అతని కాళ్ల దగ్గర పెట్టింది.

"ఇందాక కూడా దాదినే బాబాయ్. ఇది బతికుంటే ఒప్పుకునేది."

అని, మిగిలినవాటి కోసం మళ్లీ నీళ్లలోకి దిగింది.